చెన్నైలో యూరాలజిస్ట్‌ను ఎంచుకోవడం: డాక్టర్ పేరు కన్నా ముందు తేల్చుకోవాల్సినవి

నెల్లూరు, ఒంగోలు, తిరుపతి, చిత్తూరు వైపు ఎవరికైనా మూత్రంలో మంటో, నడుము పక్కన పోటో మొదలైతే చెన్నైలో ఉన్న బంధువుకు ఫోన్ వెళ్తుంది. “అక్కడ మంచి కిడ్నీ డాక్టర్ ఎవరున్నారు?” పెరంబూరులోనో చూలైమేడులోనో ఉండే ఆ బంధువు తన ఆఫీసులో ఎవరో చెప్పిన పేరు ఒకటి చెబుతాడు. లేదంటే గ్రీమ్స్ రోడ్డులో పెద్దాసుపత్రి ఉంది కదా, వచ్చేయండి అంటాడు. రెండు రోజులు తిరక్కుండానే పినాకినిలోనో సప్తగిరిలోనో బయల్దేరి సెంట్రల్లో దిగుతారు.

తిరకాసు ఆ ప్రశ్నలోనే ఉంది. జనం కిడ్నీ డాక్టర్ అని పిలిచేవాళ్లలో రెండు రకాలున్నారు. ఇక ‘మంచి’ అనే మాటకు జబ్బు పేరు జోడించకపోతే అర్థం లేదు. రాళ్లు తీయడంలో చెయ్యి తిరిగిన సర్జన్‌కు ప్రొస్టేట్ (మగవాళ్లలో మూత్రాశయం కింద ఉండే గ్రంథి) క్యాన్సర్‌లోనూ అంతే అనుభవం ఉండాలని లేదు. పిల్లల సమస్యలైతే అసలు దారే వేరు. కాబట్టి వెతకాల్సింది ఊళ్లోకెల్లా గొప్ప యూరాలజిస్ట్ కోసం కాదు. మన సమస్య ఏమిటి, అది ఏ దశలో ఉంది, దానికి ఎవరు సరిపోతారు అని వెతకాలి. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. ముందు ఆసుపత్రి నిర్ణయించుకుంటారు, తర్వాత అక్కడున్న డాక్టర్, ఆ తర్వాత ఆయన చెప్పిన ఆపరేషన్. జబ్బేమిటో అర్థం చేసుకోవడం చివరికి మిగులుతుంది.

ఇద్దరిలో ఎవరు?

రక్తాన్ని వడకట్టే పని దెబ్బతింటే చూసేది నెఫ్రాలజిస్ట్. క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష అంకె) పెరగడం, మూత్రంలో ప్రొటీన్ పోవడం, పొద్దున లేచేసరికి మొహం ఉబ్బడం, షుగరు, బీపీల వల్ల కిడ్నీలు మెల్లగా చెడిపోవడం, డయాలసిస్ వీళ్ల పరిధి. ప్రధానంగా మందులతో వైద్యం చేస్తారు. డిగ్రీ డీఎం నెఫ్రాలజీ.

తయారైన మూత్రం బయటికొచ్చే దారిలో ఎక్కడ తేడా వచ్చినా యూరాలజిస్ట్ చూస్తారు. కిడ్నీలో రాయి, కిడ్నీ నుంచి మూత్రాశయానికి వెళ్లే యురేటర్ అనే సన్నటి గొట్టంలో ఇరుక్కున్న రాయి, మూత్రాశయం, ప్రొస్టేట్, మూత్రనాళం (మూత్రాశయం నుంచి బయటికి వచ్చే దారి) సన్నబడిపోవడం, వృషణాలు, ఈ అవయవాలకు వచ్చే క్యాన్సర్లు. వీళ్లు సర్జన్లు. రెండూ కలిసే సందర్భాలూ ఉన్నాయి. రాళ్లు రెండు వైపులా అడ్డుపడి క్రియాటినిన్ పెరిగితే ఇద్దరూ కావాలి, కానీ ముందు అడ్డు తొలగించాలి కాబట్టి మొదటి పని యూరాలజిస్ట్‌ది. తెలియక తప్పు శాఖలో టోకెన్ తీసుకుంటే పెద్ద నష్టమేమీ లేదు, అక్కడివాళ్లే పక్కకు పంపిస్తారు. పోయేది ఒక పూట, ఒక ఓపీ ఫీజు. ఊరి నుంచి వచ్చినవాళ్లకు మాత్రం ఆ పూటతోనే లాడ్జి ఖర్చు ఇంకో రోజు పెరుగుతుంది.

డిగ్రీ సంగతి. ఎంబీబీఎస్ తర్వాత ఎంఎస్ జనరల్ సర్జరీ మూడేళ్లు, ఆ పైన ఎంసీహెచ్ యూరాలజీ మరో మూడేళ్లు. నేషనల్ బోర్డు దారిలో వచ్చినవాళ్లకు డీఎన్‌బీ అని, ఈమధ్య పాసైనవాళ్లకు డీఆర్‌ఎన్‌బీ అని ఉంటుంది. పాత బోర్డుల మీద ‘జెనిటో యూరినరీ సర్జరీ’ అని కనబడినా అదీ ఇదే. వీటిలో ఏది గొప్ప అని తూకం వేయక్కర్లేదు. జాగ్రత్తగా చూడాల్సింది ఎంఎస్ దగ్గరే ఆగి, కొద్ది నెలల ఫెలోషిప్ ఒకటి పక్కన చేర్చి యూరాలజిస్ట్ అని రాసుకున్న బోర్డుల్ని. హైడ్రోసిల్, సున్తీ లాంటివి జనరల్ సర్జన్లు చేస్తారు, చక్కగా చేస్తారు. కిడ్నీలోకి సన్నటి స్కోపు దించి రాయి పగలగొట్టడం మాత్రం వేరే చదువు.

ప్రిస్క్రిప్షన్ మీద రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలన్నది నియమం. ఆ నంబరుతో గానీ పేరుతో గానీ నేషనల్ మెడికల్ కమిషన్ వెబ్‌సైట్లో ఇండియన్ మెడికల్ రిజిస్టర్ తెరిచి చూడొచ్చు. తమిళనాడు మెడికల్ కౌన్సిల్ కింద కనబడకపోతే వెంటనే అనుమానపడకండి, చెన్నైలో పనిచేసేవాళ్లలో ఆంధ్రలోనో కర్ణాటకలోనో మొదట నమోదైనవాళ్లూ ఉంటారు. తర్వాత చదివిన పెద్ద డిగ్రీ రిజిస్టర్లో ఇంకా ఎక్కకపోయి ఉండొచ్చు కూడా. అలాంటప్పుడు ఆసుపత్రిని అడిగితే తప్పేం లేదు.

ఇక యాప్‌లలో రేటింగులు. వాటిని చదివితే ఎంతసేపు కూర్చోబెడతారో, బిల్లింగ్ కౌంటర్లో ఎలా మాట్లాడతారో, పార్కింగ్ దొరుకుతుందో లేదో తెలుస్తుంది. రాయి పూర్తిగా పోయిందా, ఆపరేషన్ తర్వాత జ్వరం ఎందరికొచ్చింది అన్నది అక్కడ తెలియదు. ‘డాక్టర్ బాగా మాట్లాడారు’ అన్న నాలుగు నక్షత్రాల వ్యాఖ్య మాత్రం పనికొచ్చే సమాచారమే అంటాను. వచ్చే రెండు నెలల్లో మనం ఆయన్ని చాలా ప్రశ్నలు అడగాలి.

ఎంచుకునే టైము లేని సందర్భాలు

అబ్బాయికి ఉన్నట్టుండి వృషణంలో తీవ్రమైన నొప్పి, వాంతి వస్తే యూరాలజిస్ట్ కోసం వెతకొద్దు, దగ్గర్లోని ఎమర్జెన్సీకి పరిగెత్తండి. వృషణం మెలితిరిగి రక్తం ఆగిపోయి ఉండొచ్చు. ఆరు గంటల్లోపు సరిచేస్తే దాన్ని కాపాడుకునే అవకాశం చాలా ఎక్కువ, ఆ తర్వాత గంట గంటకూ తగ్గుతుంది. పన్నెండు, పదిహేనేళ్ల పిల్లలు సిగ్గుపడి కడుపునొప్పి అని చెబుతారు, ఇంట్లో వాము నీళ్లు తాగించి పడుకోబెడతారు. అందుకే పెద్దవాళ్లే విడమరిచి అడగాలి.

రాయి నొప్పితో పాటు చలిజ్వరం వస్తే కూడా అంతే. అడ్డుపడిన రాయి వెనక మూత్రంలో ఇన్ఫెక్షన్ చేరితే అది గంటల్లో రక్తంలోకి పాకుతుంది. అప్పుడు చేయాల్సింది రాయి తీయడం కాదు, యురేటర్‌లో స్టెంట్ అనే సన్నటి గొట్టం వేసో వీపు వైపు నుంచి గొట్టం పెట్టో ముందు ఆ మూత్రాన్ని దించడం. రాయి సంగతి ఇన్ఫెక్షన్ తగ్గాక. మూడోది, పొట్ట కింద బిగుసుకుపోయి ఒక్క చుక్క కూడా మూత్రం రాకపోవడం. ప్రొస్టేట్ పెరిగిన పెద్దవాళ్లలో ఎక్కువ. క్యాథెటర్ (మూత్రం దించే గొట్టం) వేస్తే నిమిషాల్లో ప్రాణం కుదుటపడుతుంది, ఆ పని ఏ ఎమర్జెన్సీలోనైనా చేస్తారు. అపాయింట్‌మెంట్లు, సెకండ్ ఒపీనియన్లు ఆ తర్వాత.

ఎమర్జెన్సీ కాదు గానీ వాయిదా వేయకూడనిది ఇంకొకటి ఉంది: నొప్పి లేకుండా మూత్రంలో రక్తం కనబడటం. ఒక్కసారే వచ్చి మర్నాటికి మామూలైపోతుంది, ‘వేడి చేసి ఉంటుంది’ అని వదిలేస్తారు. నలభై దాటినవాళ్లలో, ముఖ్యంగా పొగతాగేవాళ్లలో ఇది మూత్రాశయ క్యాన్సర్‌కు తొలి గుర్తు కావచ్చు. స్కాన్‌తో పాటు సిస్టోస్కోపీ, అంటే సన్నటి కెమెరాతో మూత్రాశయం లోపల చూడటం, అవసరమవుతుంది. ఆ పరీక్ష సంగతే ఎత్తకుండా యాంటీబయాటిక్ కోర్సు మీద కోర్సు రాసే డాక్టర్ దగ్గర ఆగిపోవద్దు. బ్లడ్ థిన్నర్లు వాడుతున్నారు కాబట్టి రక్తం పడింది అని సరిపెట్టుకోవడమూ సరికాదు.

ఒకే రాయికి మూడు సలహాలు

ఎక్కువమందికి టెన్షన్ తెచ్చేది ఇక్కడే. కిడ్నీ కింది భాగంలో 12 మిల్లీమీటర్ల రాయి ఉందనుకోండి. ఒక డాక్టర్ బయటి నుంచి తరంగాలతో పగలగొడదాం అంటారు. రెండో ఆయన మూత్రనాళం గుండా లేజర్ అంటారు. మూడో ఆయన వీపు దగ్గర చిన్న రంధ్రం చేసి తీసేద్దాం అంటారు. ఇంటిల్లిపాదికీ అనుమానం మొదలవుతుంది: వీళ్లలో ఎవరో ఒకరు డబ్బు కోసం చెబుతున్నారా? అలా కాకపోవచ్చు. ముగ్గురూ సరిగ్గానే చెబుతూ ఉండొచ్చు.

రెండు సెంటీమీటర్లు దాటిన కిడ్నీ రాయికి పీసీఎన్ఎల్, అంటే వీపు వైపు నుంచి రంధ్రం చేసి తీయడం, మొదటి ఎంపిక అని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతాయి. ఒక సెంటీమీటరు కన్నా చిన్నదైతే తరంగాల పద్ధతి ఈఎస్‌డబ్ల్యూఎల్, లేదా మూత్రనాళం గుండా వంగే స్కోపు పంపి లేజర్‌తో రాయిని పొడి చేసే ఆర్ఐఆర్ఎస్. చిక్కంతా ఒకటికీ రెండుకీ మధ్య. అక్కడ ప్రతి పద్ధతిలోనూ ఒక లాభం, ఒక నష్టం. తరంగాలకు కోత లేదు, చాలామందికి పూర్తి మత్తు కూడా అక్కర్లేదు. కానీ గట్టి రాయి సరిగా పగలదు, పగిలినా కింది భాగంలోని ముక్కలు పైకెక్కి బయటికి రావడం కష్టం, రెండు మూడు సిట్టింగులు పట్టొచ్చు. ఆర్ఐఆర్ఎస్‌లో రంధ్రం లేదు, త్వరగా ఇంటికి పంపేస్తారు. ఖర్చు ఎక్కువ. కొందరికి యురేటర్ సన్నగా ఉండి మొదటిసారి స్టెంట్ మాత్రమే వేసి, రెండు వారాలాగి మళ్లీ పిలవాల్సి వస్తుంది. పీసీఎన్ఎల్‌లో ఒకే దెబ్బకు రాయి పోయే అవకాశం అన్నిటికన్నా ఎక్కువ, రక్తస్రావం రిస్కు కూడా మిగతా రెండిటికన్నా ఎక్కువే. ఇప్పుడు రంధ్రం సైజు తగ్గించిన మినీ పద్ధతులు వచ్చి ఆ తేడాను కొంత తగ్గించాయి.

సలహాల్లో తేడా ఎక్కువగా ఇందువల్లే వస్తుంది. కానీ ఇంకో కారణమూ ఉంది, అది ఎవరూ చెప్పరు. ఆసుపత్రిలో తరంగాల యంత్రం లేకపోతే ఆ మాటే రాదు. కొత్తగా లేజర్ కొన్నచోట లేజర్ గురించే ఎక్కువగా వినబడుతుంది. సర్జన్ ఏ పద్ధతిలో శిక్షణ పొందారో ఆయన చెయ్యి అటే వెళ్తుంది. ఇందులో మోసం ఉండనవసరం లేదు. అందుకే అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: “మీ ఆసుపత్రిలో లేని పద్ధతి ఏదైనా నా రాయికి సరిపోతుందా?” ఈ ప్రశ్నకు చిరాకు పడకుండా జవాబు చెప్పి, అవసరమైతే వేరే చోటికి వెళ్లమన్న డాక్టర్‌ను నేనైతే నమ్ముతాను.

ఆపరేషనే అక్కర్లేని రాళ్లూ ఉన్నాయి. యురేటర్‌లో ఉన్న రాయి 5 మిల్లీమీటర్లు, అంతకన్నా చిన్నదైతే మూడింట రెండొంతుల మందిలో దానంతటదే బయటికి వచ్చేస్తుంది. నొప్పి మందులకు లొంగుతూ ఉండి, జ్వరం లేకుండా, కిడ్నీ పనితీరు బాగుంటే నాలుగు నుంచి ఆరు వారాల వరకు చూడొచ్చు. మామూలు హెల్త్ చెకప్‌లో అల్ట్రాసౌండ్ తీస్తే ‘4 ఎంఎం కాల్‌క్యులస్’ (అంటే రాయి) అని కనబడి భయపడేవాళ్లు ఎందరో. కిడ్నీలో నొప్పి లేకుండా కూర్చున్న అంత చిన్న రాయిని చాలాసార్లు గమనిస్తూ ఉంటే చాలు. దాన్ని రేపే తీసేయాలని తొందరపెడితే ఎందుకని అడగండి. యూరిక్ యాసిడ్ రాళ్లను మూత్రం ఆమ్లత్వాన్ని తగ్గించే మందులతో కరిగించవచ్చు కూడా. మామూలు ఎక్స్‌రేలో కనబడకుండా సీటీలో కనబడి, రిపోర్టులో హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లు (సీటీలో రాయి సాంద్రత చెప్పే కొలత) 500 కన్నా తక్కువ ఉంటే ఆ అనుమానం రావాలి. అరటి దూట రసంతో కరుగుతాయా అని అడుగుతారు. చెన్నై మార్కెట్లలో దూట విరివిగా దొరుకుతుంది, కూర రుచిగా ఉంటుంది, తినండి. దాన్ని నమ్ముకుని ఇరుక్కున్న రాయిని నెలల తరబడి వదిలేస్తే కిడ్నీయే పోతుంది.

సెకండ్ ఒపీనియన్‌కు వెళ్లేటప్పుడు రిపోర్టు కాగితం ఒక్కటే పట్టుకెళ్లొద్దు. స్కాన్ సెంటర్లో సీడీ గానీ లింకు గానీ అడిగి తీసుకోండి. సర్జన్ బొమ్మలు తిప్పి చూసి రాయి ఏ మూల ఉందో, దారి ఎంత వాలుగా ఉందో తనే అంచనా వేస్తారు, రిపోర్టు రెండు లైన్లలో అది ఉండదు. మొదటి డాక్టర్ చెప్పింది మొదట్లోనే చెప్పకండి. స్కాన్ చూపించి ఆయన అభిప్రాయం విని, ఆ తర్వాత “మాకు ఇంకొకరు ఇలా చెప్పారు, తేడా ఎందుకు?” అని అడగండి. ఆ తేడాను వివరించిన తీరులోనే డాక్టర్ గురించి చాలా తెలుస్తుంది.

ఆపరేషన్ ఖాయమైతే ఇంకొన్ని ప్రశ్నలు. మీరే చేస్తారా, మీ టీమ్‌లో వేరేవాళ్లా? ఈ ఆపరేషన్ నెలకు ఎన్ని చేస్తుంటారు? ముక్కలు మిగిలితే తర్వాత ఏం చేస్తారు? యూరిన్ కల్చర్ పంపారా? ఈ చివరిదాన్ని, అంటే మూత్రంలో ఏ క్రిములున్నాయో చూసే పరీక్షను, తేలిగ్గా తీసుకోకండి. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉండగా రాయిని పగలగొడితే క్రిములు నేరుగా రక్తంలోకి వెళ్లి ప్రాణం మీదికి రావచ్చు. కల్చర్ ఫలితానికి రెండు మూడు రోజులు పడుతుంది, కాబట్టి ‘ఈరోజే అడ్మిట్ అవ్వండి, రేపు పొద్దున చేసేద్దాం’ అన్నప్పుడు ఎమర్జెన్సీ కాకపోతే కల్చర్ సంగతి అడగడం మీ హక్కు. తీసిన రాయిని పరీక్షకు పంపమని కూడా చెప్పండి. మళ్లీ రాకుండా ఏం చేయాలో ఆ ఫలితం మీదే ఆధారపడుతుంది.

ప్రొస్టేట్: సైజు కాదు, ఇబ్బంది

అరవై దాటిన నాన్నగారికి స్కాన్‌లో ప్రొస్టేట్ 50 గ్రాములు అని రాగానే ఆపరేషనే అనుకుంటారు ఇంట్లోవాళ్లు. సైజు ఒక్కటే చూసి కత్తి పట్టరు. రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారు, ధార ఎలా ఉంది, పోసిన తర్వాత లోపల ఎంత మిగులుతోంది, ఇవి ముఖ్యం. ఐపీఎస్ఎస్ అని ఏడు ప్రశ్నల పట్టిక ఉంది, 35 మార్కులకు. 7 వరకు స్వల్పం, 8 నుంచి 19 మధ్యస్థం, 20, ఆపైన తీవ్రం. ఈ ప్రశ్నలు అడక్కుండా, యూరోఫ్లోమెట్రీ (ధార వేగం కొలిచే పరీక్ష) చేయకుండా నేరుగా ఆపరేషన్ డేట్ ఇస్తే కాస్త ఆగి ఆలోచించండి. మధ్యస్థ లక్షణాలకు టామ్సులోసిన్ లాంటి మందులతో ఏళ్ల తరబడి హాయిగా నడిచిపోయేవాళ్లున్నారు. మరోపక్క మూత్రం పదే పదే ఆగిపోతున్నా, కిడ్నీలు వాస్తున్నా మందులతో సాగదీయడం మంచిది కాదు.

ఆపరేషన్లలో టీయూఆర్‌పీ, అంటే మూత్రనాళం గుండా స్కోపు పంపి అడ్డుపడిన ప్రొస్టేట్‌ను కరెంటుతో చెక్కి తీయడం, పాతది, దశాబ్దాల అనుభవం ఉన్నది. హోలెప్ అదే దారిలో లేజర్‌తో ప్రొస్టేట్ లోపలి భాగాన్ని ఒలిచి తీసేది, ప్రొస్టేట్ 80 గ్రాములు దాటినప్పుడు, రక్తం పలుచబడే మందులు ఆపలేనప్పుడు దాని ప్రయోజనం బాగా కనబడుతుంది. కానీ హోలెప్ నేర్చుకోవడానికి సర్జన్‌కు చాలా కేసులు పడతాయి. మధ్యస్థ సైజుకు చెయ్యి తిరిగిన టీయూఆర్‌పీయా, కొత్తగా మొదలుపెట్టిన లేజరా అంటే నా ఓటు టీయూఆర్‌పీకే. ‘లేజర్’ అన్న మాట బోర్డు మీద మెరిసినంత మాత్రాన నొప్పి ఉండదని కాదు. రెండు పద్ధతుల్లోనూ తర్వాత వీర్యం బయటికి రాకుండా మూత్రాశయంలోకి వెళ్లడం మామూలు. హాని లేదు గానీ ఆపరేషన్‌కు ముందే చెప్పాల్సిన విషయం. చెప్పకుండా సంతకం పెట్టించుకుంటే అది సరైన అంగీకారం కాదు. డయాగ్నస్టిక్ పరీక్షకు ఇచ్చిన సమ్మతి ఆపరేషన్‌కు చెల్లదని, రోగికి తగినంత సమాచారం ఇవ్వాలని 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది.

పీఎస్ఏ, అంటే ప్రొస్టేట్ నుంచి వచ్చే ఒక ప్రొటీన్‌ను రక్తంలో కొలిచే పరీక్ష, గురించి ఒక్క మాట. ప్యాకేజీ హెల్త్ చెకప్‌లో ఇది 4 దాటగానే ఇంట్లో క్యాన్సర్ అని ఏడుపులు మొదలవుతాయి. ఇన్ఫెక్షన్ ఉన్నా, మూత్రం ఆగినా, క్యాథెటర్ వేసినా అది పెరుగుతుంది. మళ్లీ చూసి, అవసరమైతే ఎంఆర్ఐ తీసి, ఆ తర్వాతే బయాప్సీ సంగతి. ప్రొస్టేట్‌ను కుంచింపజేసే ఫినాస్టరైడ్, డ్యుటాస్టరైడ్ మందులు వాడేవాళ్లలో ఇది దాదాపు సగానికి పడిపోతుంది, కాబట్టి ఆ మందుల పేర్లు డాక్టర్‌కు తప్పక చెప్పాలి. క్యాన్సరే అని తేలితే అప్పుడు యూరో ఆంకాలజీ (ఈ అవయవాల క్యాన్సర్ వైద్యం) ఎక్కువగా చేసే సర్జన్, రేడియేషన్ డాక్టర్ ఇద్దరితోనూ మాట్లాడాక నిర్ణయించుకోవాలి. ఆపరేషన్‌కు వాడే రోబో ఉందా లేదా అన్నది ఆ తర్వాతి ప్రశ్న. రోబో వెనక కూర్చున్నవారు ఎన్ని కేసులు చేశారన్నది దానికన్నా ముందు.

ఆడవాళ్లు, పిల్లలు, చెప్పుకోలేని సమస్యలు

యూరాలజీ అంటే మగవాళ్ల శాఖ అనుకుని ఆడవాళ్లు ఏళ్ల తరబడి ఇబ్బంది పడతారు. దగ్గితే, తుమ్మితే మూత్రం పడిపోవడం, ఆపుకోలేక పరిగెత్తడం, మళ్లీ మళ్లీ ఇన్ఫెక్షన్ రావడం, వీటికి యూరాలజిస్ట్ గానీ యూరోగైనకాలజిస్ట్ గానీ చూస్తారు. మహిళా యూరాలజిస్టులు తక్కువే, చెన్నైలో మాత్రం వెతికితే దొరుకుతారు. ఫోన్ చేసి అడిగితే ఫ్రంట్ డెస్కులో చెప్పేస్తారు. పిల్లలకు పీడియాట్రిక్ సర్జరీ లేదా పీడియాట్రిక్ యూరాలజీ చేసినవాళ్లు కావాలి. వృషణం సంచిలోకి దిగకపోతే ఆపరేషన్ ఏడాది, ఏడాదిన్నరలోపు అయిపోవాలి, ‘పెద్దయ్యాక దిగుతుందిలే’ అని ఆగకూడదు.

మగవాళ్ల లైంగిక సమస్యలకు, సంతానలేమికి ఆండ్రాలజీలో శిక్షణ ఉన్న యూరాలజిస్ట్ ఉంటారు. సిగ్గుతో జనం అక్కడికి వెళ్లరు. నెలకోసారి లాడ్జిలో మకాం వేసి గది నంబరుతో ప్రకటన ఇచ్చే ‘స్పెషలిస్ట్’ దగ్గరికి వెళ్తారు. అంగస్తంభన సమస్య గుండె రక్తనాళాల జబ్బుకు ముందస్తు గుర్తు కావచ్చు. అందుకే అసలు డాక్టర్ షుగరు, కొలెస్ట్రాల్, బీపీ కూడా చూస్తారు. గుండెకు నైట్రేట్ మందులు వాడేవాళ్లు సిల్డెనాఫిల్ (వయాగ్రాలో ఉండే మందు) వేసుకుంటే బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది. పొట్లాల్లో పేరు లేని పొడి ఇచ్చేవాళ్లు ఇది అడగరు.

ఎక్కడ, ఎంతకు

సెంట్రల్ స్టేషన్ ఎదురుగా ఉన్న రాజీవ్ గాంధీ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిని చాలామంది తెలుగువాళ్లు దాటుకుని ఆటో ఎక్కేస్తారు. 1835లో మొదలైన మద్రాస్ మెడికల్ కాలేజీకి అనుబంధం అది, యూరాలజీలో ఎంసీహెచ్ చదువు చెప్పే చోటు. రద్దీ, క్యూలు, ఆపరేషన్ డేట్ కోసం ఎదురుచూపు నిజమే. రకరకాల కష్టమైన కేసులు రోజూ చూసిన చేతులు అక్కడ ఉన్నాయన్నదీ నిజమే. బోధనాసుపత్రుల్లో సీనియర్ల పర్యవేక్షణలో పీజీలు పాలుపంచుకుంటారు. దాని గురించి భయపడేకన్నా యూనిట్ చీఫ్ ఎవరో, ఆయన ఓపీ ఏ రోజో కనుక్కుని ఆ రోజే వెళ్లడం మంచిది.

చిత్తూరు వైపువాళ్లకు చెన్నై కన్నా వెల్లూరే దగ్గర. అక్కడి సీఎంసీ (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ) ఆసుపత్రిలో దేశం గుర్తించిన యూరాలజీ విభాగం ఉంది, తెలుగు మాట్లాడే సిబ్బందీ దొరుకుతారు. అపాయింట్‌మెంట్ ముందే తీసుకుని, పరీక్షలు, ఓపీ కలిపి కొన్ని రోజులు ఉండే లెక్కన వెళ్లాలి. చెన్నై కార్పొరేట్ ఆసుపత్రుల్లో వేగం ఉంటుంది, భాష సాయం ఉంటుంది, ఖర్చూ ఉంటుంది. వాటికీ చిన్న నర్సింగ్ హోమ్‌లకూ మధ్య యూరాలజీ, నెఫ్రాలజీ మాత్రమే చూసే మధ్యతరహా ఆసుపత్రులు ఉన్నాయి. మామూలు రాయికి, ప్రొస్టేట్‌కు అవి చాలాసార్లు సరిగ్గా సరిపోతాయి. గుండె జబ్బు, కిడ్నీ ఫెయిల్యూర్ లాంటివి తోడున్న పేషెంటుకు మాత్రం ఐసీయూ, కార్డియాలజీ ఒకే కప్పు కింద ఉన్న పెద్దాసుపత్రే మేలు.

‘రాయికి ప్యాకేజీ ఇంత’ అన్నప్పుడు దానిలో ఏమేం కలిశాయో కాగితం మీద రాయించుకోండి. లేజర్ ఫైబర్, స్టెంట్, మత్తు డాక్టర్ ఫీజు, రెండో సిట్టింగ్ పడితే దాని ఖర్చు, స్టెంట్ తీసే ఖర్చు. చివరి రెండూ విడిగా వేసేచోట్లే ఎక్కువ గొడవలు. ఇన్సూరెన్స్ ఉంటే మొదట పాలసీ తీసుకున్న తేదీ చూడండి. సొంతంగా కొన్న చాలా పాలసీల్లో రాళ్లు, ప్రొస్టేట్ వాపు, హైడ్రోసిల్ లాంటి జబ్బులకు మొదటి రెండేళ్లు కవరేజీ ఉండదు. ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) ఐటీ కంపెనీల్లో పనిచేసే పిల్లల గ్రూప్ పాలసీలో తల్లిదండ్రులు ఉంటే తరచూ ఈ వెయిటింగ్ ఉండదు, హెచ్ఆర్‌ను అడిగి ఖాయం చేసుకోవాలి. ఆంధ్రప్రదేశ్ ఆరోగ్యశ్రీ కార్డు ఉన్నవాళ్లకు ఇంకో దారి ఉంది. 2019 నవంబరు నుంచి ఆరోగ్యశ్రీని చెన్నై, బెంగళూరు, హైదరాబాదుల్లోని కొన్ని ఆసుపత్రులకూ విస్తరించారు, ఇప్పుడా పథకం పేరు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ. ఏ ఆసుపత్రి, ఏ చికిత్స అన్నది మారుతుంటుంది కాబట్టి రైలెక్కే ముందే 104కు ఫోన్ చేసి కనుక్కోండి. తమిళనాడు ముఖ్యమంత్రి బీమా పథకం అక్కడి రేషన్ కార్డు, ఆదాయ ధ్రువపత్రం ఉన్న కుటుంబాలకే. తరతరాలుగా చెన్నైలో ఉంటున్న తెలుగువాళ్లలో చాలామందికి అది వర్తిస్తుంది, వాడుకోరు.

ఆపరేషన్ అయ్యి ఊరెళ్లిపోయేవాళ్లు ఒక విషయం అసలు మర్చిపోకూడదు. రాయి ఆపరేషన్ తర్వాత చాలామందికి లోపల డీజే స్టెంట్ ఉంచుతారు. రెండు కొసలా వంకీ తిరిగిన సన్నటి ప్లాస్టిక్ గొట్టం అది, ఒక కొస కిడ్నీలో, ఇంకో కొస మూత్రాశయంలో ఉంటుంది. మూత్రానికి వెళ్లినప్పుడు నడుములో లాగడం, మంట, అప్పుడప్పుడు కాస్త ఎరుపు మామూలే. కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల్లో తీసేయాలి, మామూలుగా మూడు నెలలకు మించి ఉంచరు. నొప్పి తగ్గిపోయాక జనం దాన్ని మర్చిపోతారు. ఏడాది రెండేళ్ల తర్వాత స్కాన్ తీస్తే స్టెంట్ చుట్టూ రాయి పేరుకుని, మొదటి దానికన్నా పెద్ద ఆపరేషన్ అవసరమవుతుంది. తీయడం మాత్రం సిస్టోస్కోపుతో మామూలుగా కొన్ని నిమిషాల పని. దానికోసం మళ్లీ చెన్నై రావాల్సిన పని కూడా లేదు, నెల్లూరులోనో తిరుపతిలోనో ఉన్న యూరాలజిస్ట్ తీయగలరు, డిశ్చార్జ్ సమ్మరీ చూపిస్తే చాలు. కేస్ షీట్ కాపీలు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని వైద్య వృత్తి నియమావళి చెబుతుంది, కానీ సమ్మరీ అక్కడికక్కడే చేతికొస్తుంది కాబట్టి బిల్లు కట్టే ముందే చదవండి. స్టెంట్ ఉందని, అది ఏ వైపు ఉందో, ఏ తేదీన పెట్టారో, ఎప్పటిలోగా తీయాలో అందులో లేకపోతే ఆ కౌంటర్ దగ్గరే రాయించుకుని, తీయాల్సిన తేదీని ఇంట్లో ఇద్దరి ఫోన్లలో అలారం పెట్టించండి.